వీపుకు అంటిన మట్టి

నా చిన్నప్పుడు ఊళ్ళో మా ఇంటిని దివాణం అనేవారు. మా ముత్తాతగారు సంస్థానంలో ఖజానా చూసినవారు. ఆయన తండ్రిగారు పల్లకీ దిగకుండా ఊళ్ళు చుట్టివచ్చిన మనిషి. మా తాతయ్య నాటికి పల్లకీ అటకెక్కింది. బోయీల పిల్లలు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనికి కుదిరారు. అయినా తాతయ్య నడకలో వంపు రాలేదు.

పెరట్లో మా పెద్దలు కసరత్తులకు కట్టించిన తాలింఖానా ఉండేది. దాని మధ్యలో కుస్తీలు పట్టే గోదా. పట్టేవాళ్ళు ఏనాడో పోయినా, ఏటా దసరాకు తాతయ్య ఆ ఎర్రమట్టిని తవ్వించి, నూనె, పసుపు కలిపించి, తడిపించేవారు. మా ఇంటి మగపిల్లలకు ఊహ తెలియగానే ఆ మట్టి నుదుట పెట్టి ఒక్క మాట చెప్పేవారు. మన వీపుకు మట్టి అంటకూడదని. కుస్తీలో వీపు నేలను తాకితే ఓటమి. ఆ మాట నేను బుద్ధిగా పట్టుకున్నాను.

కాని నేను ఆడింది కుస్తీ కాదు, చెడుగుడు. బడి వెనక మైదానంలో రైతుల పిల్లలు, మిల్లు కార్మికుల పిల్లలు ఆడేవారు. నాకు ఊపిరి ఎక్కువ. కూత పెట్టి గీత దాటితే ప్రపంచంలో ఇంకేమీ ఉండేది కాదు. అన్నం కంటే ఆ ఆటే ఎక్కువ అనిపించేది. ఇంట్లో ఎవరికీ ఇది నచ్చలేదు. తాతయ్య మాత్రం ఏమీ అనలేదు.

చిక్కు ఏమిటంటే, నా ఎడమచెయ్యి పదే పదే విరిగేది. వెదురు బద్దలు పెట్టి, గుడ్డుసొన, మినప్పిండి పూసి కట్టు కట్టేవారు. కట్టు విప్పాక చింతాకు కాపడం. అది తగ్గేసరికి మళ్ళీ మైదానం, మళ్ళీ అదే చెయ్యి. కట్లు కట్టే ముసలాయన నవ్వేవాడు. "మనిషిని సూడక్కర్నేదు బాబూ, సెయ్యి సూస్తే సాలు, దివాణంవోరిదని తెలిసిపోతాది." మైదానంలో పిల్లలు ఇంకా ముదురు. నేను పడగానే ఒకడు అరిచేవాడు. "ఒరే, బాబుగోరు పడిపోనార్రోయ్! పల్లకీ తెండి!"

ఆఖరుసారి కట్టు విప్పాక నేను మైదానం వైపు వెళ్ళలేదు. మా నాన్నగారు ఆట మానమన్నారు. అంతకంటే ముఖ్యం, గీత దాటడం తలచుకుంటేనే చెయ్యి దానంతటదే ముడుచుకుపోయేది. ఆడకుండా ఉండలేను, ఆడనూ లేను. సాయంత్రం కూతలు వినపడుతుంటే తలుపు వేసుకునేవాణ్ణి.

తాతయ్య అది గమనించారు. ఒక ఉదయం నన్ను గోదా దగ్గరికి పిలిచి, ఎలా పడ్డానో చూపించమన్నారు. చూపించాను. పడబోతూ ఎడమచెయ్యి చాచి నేలకు ఊనాను, వీపు తగలకుండా. ఎందుకలా అని అడిగారు. మన వీపుకు మట్టి అంటకూడదు కదా అన్నాను.

ఆయన కండువా తీసి గోడమీద పెట్టారు. చేతికర్ర పక్కన పెట్టారు. ఇస్త్రీ చేసిన తెల్లపంచెతోనే గోదాలోకి దిగి, ఆ తడిమట్టిలో వెల్లకిలా పడుకున్నారు. మా పాలేరు కంగారుపడి లేపడానికి పరుగెత్తుకొచ్చాడు.

"దూరంగుండరా. నేను పడిపోనేదు, పడుకున్నాను."

అలా పడుకొనే నావైపు తల తిప్పారు.

"సూసేవేటిరా? ఈపుకి మట్టంటింది. అయినా నేనింకా మీ తాతనే. ఆ మాట కుస్తీకిరా, సెడుగుడుకి కాదు. అందులో ఆళ్ళు పట్టుకుంతారు, నువ్వు పడతావు. సెయ్యి పొట్టకి దాసుకో, బుజం మీద దొర్లు."

ఆ వయసులో ఆయన దొర్లి చూపించారు. నేనూ దొర్లాను. మధ్యాహ్నానికి ఇద్దరం ఎర్రగా తయారయ్యాం. మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి, "నీళ్ళోసుకోకండా గడప దాటితే ఊరుకోను, తాతకీ మనవడికీ సెప్తన్నాను" అంది.

ఆ సాయంత్రమే కూతకు వెళ్ళాను. నలుగురు మీదపడ్డారు. చెయ్యి దాచుకొని దొర్లాను. కూత తెగింది, నేను అవుటయ్యాను. వీపు నిండా దుమ్ము. పల్లకీ తెమ్మని అరిచేవాడు నోరు తెరిచి, నేను నవ్వుతుంటే చూసి మానేశాడు.

దెబ్బలు అంతటితో ఆగాయని చెప్పను. తరవాత చీలమండ బెణికింది, కాలేజీలో భుజం జారింది. ప్రతిసారీ ఊరుకోమని చెప్పేవాళ్ళు ఉన్నారు. తాతయ్య ఒక్కరే, కట్టు ఎప్పుడు విప్పుతారని అడిగేవారు.

ఇప్పుడు నేను అరసవల్లిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. మోకాలికి ఆపరేషన్ అయింది. తెల్లవారుజామున షటిల్ ఆడుతుంటాను. నాకంటే చాలా చిన్నవాళ్ళు, కాక్ అందక నేను పడినప్పుడల్లా, "అయ్యో, బాబాయిగోరూ!" అంటూ వస్తారు. లేపనివ్వను. ముందు దొర్లుతాను, తరవాత లేస్తాను, దుమ్ము దులుపుకోకుండానే సర్వీసు అందుకుంటాను. మా పెద్దల నుంచి నాకు దక్కిన ఆస్తి అదే.

తాలింఖానా స్థలం మా నాన్నగారి కాలంలోనే అమ్ముడైంది. కొన్నవాళ్ళు గోదాలోని ఎర్రమట్టిని ట్రాక్టరుతో తోలించి, కొత్త ఇంటి పునాదిలో పోసుకున్నారు.