గొడుగు పెద్దమ్మ ఆది

ఆఫీసులో అందరూ ఆవిడను టేపక్క అంటారు. ఇరవై రెండేళ్లు బట్టలు కుట్టి, దుకాణమున్న భవనం కూల్చేశాక, ఇల్లు లేనివాళ్లకు గదులు చూపించే ఈ ఆఫీసులో చేరింది. కుట్టుమిషను వదిలింది గానీ మెడలో టేపు వదల్లేదు. ఆలోచనలో పడితే చాలు, వేళ్లు వెళ్లి టేపును నిమురుతూ ఉంటాయి. అలా నిమిరీ నిమిరీ పది నుంచి పన్నెండు దాకా అంకెలు చెరిగిపోయాయి.

ఆ సోమవారం పెద్ద సారు మూడు రకాల ఫారాలు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టారు.

“గది ముందు ఎవరికివ్వాలో తేల్చే ఫారాలమ్మా ఇవి. మూడూ వాడి చూసి, ఒకటి ఎంచండి. శుక్రవారం మీటింగు.”

కింది అంతస్తులో ఒక గది ఖాళీగా ఉంది. ఒక కిటికీ, లోపల గడియ ఉన్న ఒక తలుపు. దానికోసం ఎదురుచూసేవాళ్లు ఏడుగురు. వానలు పదిహేను రోజుల దూరంలో ఉన్నాయి.

టేపక్క ఫారాలకు పేర్లు పెట్టుకుంది. యాభై ప్రశ్నలు, ప్రశ్నకో మార్కు ఉన్నది లావు ఫారం. అవును, కాదు అంటూ పదిహేను ప్రశ్నలతో ముగిసేది నాజూకు ఫారం. మూడోది ఉత్త ఫారం: పైన నాలుగు గీతలు, కింద ‘మీరు చూసింది రాయండి’ అని ఒక్క ముక్క, తక్కినదంతా తెల్లటి ఖాళీ. పెద్ద సారుకు లావు ఫారం మీద మనసు. బరువున్నదేదైనా ఆయనకు నమ్మకంగా ఉంటుంది.

కొత్త కత్తెర పదును పాత గుడ్డ మీద చూడాలి. అందుకని టేపక్క లావు ఫారాన్ని ముందు మొగుడి మీద ప్రయోగించింది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు.

“మీకు నిద్ర సరిగ్గా పడుతుందా?”

“నువ్వు పక్కనుండగానా?”

“మీ మాట వినేవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“ముప్పయ్యేళ్లుగా లేరు.”

“మీ వస్తువులు ఎవరైనా అడక్కుండా తీసుకుంటారా?”

“నా కళ్లజోడేదీ?”

కళ్లజోడు ఆవిడ ముక్కు మీదుంది. కూడితే యాభైకి ముప్పై నాలుగొచ్చాయి. ఇంటాయనకు అర్జంటుగా ఇల్లు కావాలని తేలింది.

మర్నాడు ఏడుగురిలో ఆరుగురికి ఫారాలు నింపి, ఆఖర్న గొడుగు పెద్దమ్మ దగ్గరకు వెళ్లింది. పెద్దమ్మ మూతపడ్డ బ్యాంకు మెట్ల మీద ఉంటుంది. ముప్పయ్యేళ్లు ఒక హాస్టల్లో వంట చేసింది. వంటగది వెనకే ఆవిడ గది. హాస్టలు మూసేసిన రోజున కొలువూ గూడూ ఒకే తాళంకప్ప వెనక్కి వెళ్లిపోయాయి. మూడేళ్లయింది. ఎండైనా నీడైనా చేతిలో ఆకుపచ్చ గొడుగు, ముడిచిన ఆకులా.

“ఒంట్లో ఎలా ఉంటోంది పెద్దమ్మా?”

“గుండ్రాయిలా ఉన్నాను.”

“రాత్రిళ్లు భయమేస్తుందా?”

“నన్ను చూసి వాళ్లకెయ్యాలి గానీ.”

“ఎవరైనా మీద పడటం, లాక్కోవడం...”

“ఈ గొడుగు ఎండకనుకున్నావా?”

“తిండి సరిగ్గా దొరుకుతోందా?”

“నువ్వు తిన్నావా లేదా, ముందది చెప్పు. మొహం పీక్కుపోయింది.”

లావు ఫారంలో మూడు మార్కులు. నాజూకు ఫారంలో సున్నా. ఏడుగురిలో ఆఖరు. పోటీ పరీక్ష నెగ్గినట్టు పెద్దమ్మ గొడుగు చివరతో మెట్టు మీద ఒక్కటి కొట్టింది.

ఆ సాయంత్రం టేపక్క అన్నం కెలుకుతూ కూర్చుంది.

“రెండు టిక్కులు నువ్వే కొట్టెయ్యరాదూ? ఎవడొచ్చి చూస్తాడు?” అన్నాడు మొగుడు.

“ఆరుగురి గుడ్డ కత్తిరించి ఒకళ్లకు కుట్టినట్టవుతుందండీ.”

వేళ్లు టేపు మీదికి వెళ్లాయి. దుకాణం గుర్తొచ్చింది. మెడ చుట్టూనో నడుం చుట్టూనో టేపు పడగానే మనుషులు ఊపిరి బిగబట్టేవాళ్లు. ఆ కొలతకు కుడితే మొదటి భోజనానికే గుండీలు ఎగిరిపోయేవి. అందుకే ఆవిడ టేపు పక్కనపెట్టి, “ఆది ఏదైనా ఉంటే ఇవ్వండి” అనేది. ఆది అంటే తొడిగి తొడిగి ఒంటికి అలవాటుపడ్డ పాత బట్ట. మనిషి ఊపిరి బిగబట్టగలడు. పాత చొక్కా బిగబట్టలేదు.

మూడోరోజు టేపక్క ఫారాలు బ్యాగులోంచి తియ్యకుండా మెట్ల మీద కూర్చుంది.

“ఆ గొడుగిలా ఇవ్వు పెద్దమ్మా. పుల్లలు ఊడాయి, కుట్టి ఇస్తాను.”

“ఇక్కడే కుట్టు. నా కళ్లముందే.”

సూదీదారం తీసి గొడుగు విప్పింది. ఆకుపచ్చ అంతా ఒకే పక్క వెలిసిపోయి ఉంది: రోజంతా ఒకే గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి మీద పడ్డ ఎండ. చివరనున్న ఇనప మొన వేలెడు అరిగిపోయింది: గుండ్రాయి కర్ర లేకుండా నడవడం లేదన్నమాట. పిడి మీద కుక్కపళ్ల గాట్లు. పిడికి ఒక తాడు, తాడు కొసన మణికట్టంత ఉచ్చు. నిద్రలో ఎవరూ లాక్కుపోకుండా. మడతలోంచి ఒక చీటీ జారింది. కంటి ఆపరేషనుకు రమ్మన్న తేదీ దాటి ఎనిమిది నెలలైంది.

టేపక్క కుడుతూనే ఒక్కొక్కటీ పైకి చెప్పింది. పెద్దమ్మ వీధివైపు చూస్తూ ఉండిపోయింది.

“నోరులేనిదనుకున్నాను. ఎన్ని చాడీలు చెప్పిందే,” అంది చివరికి.

“రాసుకోనా?”

ఒక పావురం మెట్టెక్కి, దిగింది.

“గొడుగు చెప్పిందని రాయి. నేను చెప్పానని రాయకు.”

శుక్రవారం మీటింగులో పెద్ద సారు ఉత్త ఫారం పట్టుకుని కళ్లజోడు పైకి తోశారు.

“గొడుగు చెప్పిందేంటమ్మా? దీనికి మార్కులెక్కడ వెయ్యను?”

“ఒక్కసారి లేవండి సార్.”

నడుం చుట్టూ టేపు పడింది. సారు పొట్ట లోపలికి, ఛాతీ బయటికి.

“ముప్పై ఆరు. ఇప్పుడు మీ బెల్టు ఇప్పించండి.”

బెల్టుకు అయిదు కన్నాలు. ముప్పై ఆరు దగ్గరిది పుట్టినప్పుడెలా ఉందో అలాగే గుండ్రంగా ఉంది. నలభై దగ్గరిది సాగి సాగి కోడిగుడ్డైపోయింది. గుమస్తా కిటికీలోంచి ఏదో చూడ్డానికి తిరిగాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

“మీరు అబద్ధమాడలేదు సార్. టేపు చూస్తే ఎవరమైనా అంతే. ఆ లావు ఫారం ప్రకారం మా ఆయనకు రేపే గదివ్వాలి మరి.”

సారు బెల్టు పెట్టుకుంటూ, “అయితే ఏడుగురినీ ఇలాగే చూడండి. ఒక్కరిని కాదు,” అన్నారు.

అదీ న్యాయమే. టేపక్క మరో వారం తిరిగింది. చెప్పులు చూసింది, సంచులు చూసింది, వాళ్లు ఒప్పుకున్నదే రాసింది. బొమ్మలమ్మే ఒకావిడ, సర్కారువాళ్లు బిడ్డను తీసుకుపోతారేమోనన్న భయంతో ఫారాల్లో బిడ్డ ఊసున్న ప్రతి ప్రశ్నకూ లేదు, లేదు అని చెప్పింది. ఆవిడ దుప్పటి ఒక కొసన నాలుగు మడతలకు అలవాటుపడి మెత్తబడింది, అది బిడ్డకు. రెండో కొసన మిగిలిన మూరెడు తల్లికి. గది ఆవిడకు వెళ్లింది. గొడుగు పెద్దమ్మది రెండోస్థానం.

ఆ మాట ఎలా చెప్పాలా అని టేపక్క మెట్లెక్కింది.

“బొమ్మలదాని తర్వాతేగా? అయితే నీ కొలత సరిగ్గానే ఉంది,” అంది పెద్దమ్మ.

రెండు వానలు మెట్ల మీదే గడిచాయి. టేపక్క కుట్టిన గొడుగు కురవలేదు. ఫారాలొచ్చిన పందొమ్మిదో రోజున పక్క సందులో ఇంకో గది ఖాళీ అయింది.

పెద్దమ్మ వెంటనే ఒప్పుకోలేదు. గొడుగుతో గోడలు తట్టింది.

“ఒంట్లో ఎలా ఉంటోంది? వానకు కారతావా? రాత్రిళ్లు ఎలకలొస్తాయా?”

గది నోరు మెదపలేదు. పెద్దమ్మ వంగి గోడ మూల చూసింది, చెమ్మ మరక కోసం. లేదు. గడియ మూడుసార్లు వేసి తీసింది.

టేపక్క బయల్దేరితే సందు చివరిదాకా సాగనంపడానికి వచ్చింది. ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చెయ్యి టేపక్క మోచేతి మీద.

“గొడుగేదీ పెద్దమ్మా?”

“లోపలుంది,” అంది పెద్దమ్మ. “తలుపేశానుగా.”