చరణం అందించిన గొంతు

మొన్న ఆదివారం టీవీలో మా గాయనిని చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. మా అని ఎందుకంటున్నానంటే, యాభై ఏళ్ళ కిందట జమ్మలమడుగులో మా చర్చి సంఘంలో పాడిన మనిషి ఆమె. పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చి, ఇక్కడే టీచరుగా రిటైరై, మోకాళ్ళ నొప్పులతో మూలన కూర్చున్న ఈనాటికీ నేను ఆమె అభిమానినే. తొలిసారి టీవీలో పాడుతోందని తెలిసి, పక్కింటివాళ్ళను కూడా పిలిచి మరీ కూర్చోబెట్టాను.

డెబ్బై దాటిన గొంతు కాస్త బొంగురుపోయినా పల్లవి నిండుగా పాడింది. తర్వాత చరణంలో మొదటి పాదాన్ని రాగం లేకుండా, మనతో మాట్లాడుతున్నట్టు చెప్పి, ఆగింది. అంతే, యాంకరమ్మాయి పరుగున వచ్చి ఫోనులో పాట చూపించింది. ఈ వయసులో మరచిపోవడం సహజమేనని ఆ పిల్ల తానా అంటే న్యాయనిర్ణేతలు తందానా అన్నారు, చప్పట్లు కొట్టారు, ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆమె ఆ ఫోను చూసి మిగతా పాట పాడేసి దిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మరచిపోవడమా! మా చిన్నతనంలో శనివారం సాయంత్రం ప్రార్థన కూటానికి వచ్చేవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు ఏ నలుగురో. పగలంతా వేరుశనగ చేలో కలుపు తీసి, కాళ్ళు కడుక్కుని వచ్చి చాపల మీద కూర్చునే మా అమ్మలాంటి ఆడవాళ్ళు పాటల పుస్తకం పట్టుకుని ఏం చేసుకుంటారు? అందుకని ఆమె ప్రతి పాదాన్నీ ముందు ఉత్త మాటగా చెప్పి ఆగేది, అందరూ అందుకుని పాడేవాళ్ళు. దాన్నే చరణం అందించడం అనేవాళ్ళం. అక్షరం ముక్క రాని మా అమ్మకు పుస్తకంలో సగం పాటలు నోటికి వచ్చేవంటే అది ఆమె చలవే.

ఇదంతా చెప్పబోతే పక్కింటివాళ్ళు వినిపించుకోలేదు, పాపం పెద్దామె అని జాలిపడి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ జాలి కంటే నాలుగు తిట్లే నయమనిపించింది.

ఆ కడుపుమంటతోనే పులివెందులలో ఉన్న మా అక్కకు ఫోను చేసి అందరినీ దుమ్మెత్తిపోశాను. అక్క అంతా విని, "ఆ టీవీవాళ్ళకు తెల్దు, సరే. ఆయమ్మ అందిస్తాంటే ఈడ నేను మంచంలో నుంచే అందుకున్యా. నువ్వు పాడ్లేదా మే?" అంది.

పాడలేదు. ఇప్పుడు మా గుడిలో పాట మాటలన్నీ గోడ మీది తెరపై పడతాయి, ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కరలేదు, అందించేవాళ్ళూ లేరు, అందుకునేవాళ్ళూ లేరు. ఆ అలవాటులో పడి, ఆమె ఆగినప్పుడు నేను కూడా అందరిలాగే నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. ఆ చరణం నాకు మొదటి నుంచి చివరి దాకా కంఠతా వచ్చు. వచ్చి కూడా ఊరుకున్నాను.