మేనేజరు హాకీ కర్రకు ఎర్ర ట్యాగు

2006లో సౌదీలోని జుబైల్‌లో ఒక ప్లాంటులో నేను సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ని. పాడైన యంత్రాన్ని ఎవరూ నడపకుండా ఎర్ర ట్యాగు కట్టడం నా పని. కట్టినవాడే విప్పాలన్నది రూలు.

మా కెనడా మేనేజరు శుక్రవారాల్లో ఇండోర్ స్టేడియంలో ఐస్ హాకీ ఆడేవాడు. నేను ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో పక్కన కూర్చునేవాణ్ణి. ఒకసారి ఆయన ఎదుటి జట్టువాడితో కలబడితే హెల్మెట్ ఊడి, తల మంచుకు గట్టిగా తగిలింది. అయినా లేచి ఆటకు బయల్దేరాడు. ఇవాళ ఏ వారమని అడిగితే సోమవారమన్నాడు. జేబులోని ట్యాగు తీసి ఆయన కర్రకు కట్టేశాను.

"ఆయప్ప మన మేనేజరప్పా. రేపే ఎగ్జిట్ కొట్టి నిన్ను ఇంటికి పంపుతాడు," అన్నాడు తోటి ఉద్యోగి బాషా.

మేనేజరు నన్ను కొరకొరా చూసి, ఆసుపత్రికి వెళ్లాడు.

నెల తర్వాత కర్రతో నా క్యాబిన్‌కి వచ్చాడు. ట్యాగు అలాగే ఉంది.

"డాక్టరు ఆడొచ్చన్నాడు. ఇక నువ్వే విప్పాలి."

నా సర్టిఫికెట్లన్నీ ఏదో కవరులో ఉన్నాయి. ఆ ట్యాగుకు మాత్రం ఫ్రేము కట్టించుకున్నాను.