వదిన దిద్దమన్న కాగితం

ఈ సంగతి ఇన్నేళ్లుగా గుండెలో రాయిలా ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నన్ను ఎవరు ఏమన్నా నేను మరచిపోను. తాండూరులో మా అక్క పెళ్లి. బంతిలో నేను వడ్డిస్తుంటే, మేనమామ కూతురు, నాకు వదిన, అందరి ముందూ అంది:

"మా మరదలు ఇంగ్లీషు మస్తు సదివింది గని, దాని ఇంగ్లీషుల నిన్న, రేపు ఒక్కటే."

బంతంతా నవ్వింది. వదిన వరస, ఎగతాళి ఆమె హక్కు. నేనూ ఒక మాట తిప్పి అంటే అక్కడితో తీరిపోయేది. అనలేదు. దాచుకున్నాను. ఆ పంతంతోనే ఇంగ్లీషు క్రియల కాలాలన్నీ నేర్చుకుని పంతులమ్మనయ్యాను.

తర్వాత ఆమె భర్తకు క్షయ వచ్చింది. వికారాబాద్ కొండ మీది ఆసుపత్రిలో పెట్టారు. వదిన ప్రైవేటుగా మెట్రిక్ కట్టింది. పాసైతే బడిలో ఉద్యోగం, లేకపోతే వాళ్ల ఊరు పెద్దేముల్‌లో కూలి. ఉర్దూలో చదివిన మనిషి, ఇంగ్లీషొక్కటే భయం. అది నేర్చుకోవడానికి ఆదివారాలు రైల్లో నా దగ్గరికి వచ్చేది.

ఒకసారి భర్త గురించి ఒక పేజీ రాసి తెచ్చింది. ఆయన దున్నుతున్నాడు, పాడుతున్నాడు, పిల్లను భుజాన ఎత్తుకుంటున్నాడు. అన్నీ ఎప్పుడో ఆగిపోయినవే. భూతకాలం రాక అలా రాసిందా, అవి ఆగిపోయాయని రాయడానికి చెయ్యాడక రాసిందా? నాకు ఇప్పటికీ తెలియదు. పరీక్షలో మాత్రం అవి తప్పులని తెలుసు.

"కాలాలు సరిగున్నయా, పిల్లా? జర సూసి చెప్పు. నాకు నువ్వు గాక ఇంకెవరు చెప్తరు?"

"మంచిగున్నయి, వదినా," అన్నాను.

ఆ ఒక్కసారే కాదు. పరీక్ష దాకా అలాగే అన్నాను.

ఇంగ్లీషులో తప్పింది. కూలికి పోయింది. కోతలయ్యాక కొంగులో కందులు మూటగట్టుకుని వచ్చి, నువ్వు మస్తు కష్టపడ్డవ్, నా బుర్రకే ఎక్కలేదు అని నా చెయ్యి పట్టుకుంది. అరచేయి గరుకుగా ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. వండి పెట్టాను, తినిపించాను.

నేను దిద్ది ఉంటే పాసయ్యేదేమో, కాకపోయేదేమో. బంతిలో ఆ మాట అనడం ఆమె తప్పేనని ఇవాళా అంటాను. కానీ ఆమె నమ్మి అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. తెలిసే చెప్పాను.

ఆమెతో ఇంకా అనలేదు. మీతో అన్నాను. ఇవాళ్టికి నాకు ఇంతే చేతనైంది.