ఒక్క రోజు తప్పితే

ముందే ఒప్పేసుకోవాలి. తెరేసమ్మ కిడ్నీకి మొదటి దెబ్బ తగిలింది రోగం వల్ల కాదు, పవన్‌కుమార్ నోటి వల్ల. ఈ కథ రాస్తున్నదీ ఆ పవన్‌కుమారే కాబట్టి, వాణ్ని వెనకేసుకొచ్చేవాళ్లు ఇందులో ఎవరూ దొరకరు.

గుణదలలో ఇద్దరివీ పక్కపక్క వాటాలు. పవన్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఎవరూ నేర్పలేదు, నాలుగు పాడుచేసి ఐదోదాంతో నేర్చుకున్నాడు. తెరేసమ్మ జాకెట్లు కుడుతుంది. నలభై ఆరేళ్లు. పొద్దున్నే మిషను ముందు కూర్చుంటే భర్త కృపానందం భోజనానికి వచ్చేదాకా లేవదు. అలా ఇరవై ఏళ్లు కూర్చున్నందుకు ఒంట్లోకి డెబ్బై ఎనిమిది కేజీలు, బీపీ వచ్చి చేరాయి. ఆమె పట్టించుకోలేదు. తమ్ముడు ఫిలిప్‌కి రెండు కిడ్నీలూ పోయేదాకా.

ఫిలిప్ ఇబ్రహీంపట్నంలో వెల్డింగు పని చేసేవాడు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. అమ్మానాన్నా లేరు, భార్యకి షుగరు. మిగిలింది అక్క ఒక్కతే. పరీక్షలు చేస్తే అన్నీ కలిశాయి. డాక్టరమ్మ మాత్రం కాగితం పక్కన పెట్టి సూటిగా చెప్పింది.

"ఇలా అయితే మిమ్మల్ని ఆపరేషన్ బల్ల ఎక్కించలేనమ్మా. మూడు నెలలు టైమిస్తాను. ఆరు కేజీలు తగ్గండి, బీపీ అదుపులోకి తెండి. రోజూ కాస్త నడవండి."

ఆ 'కాస్త' అన్న ముక్క తెరేసమ్మ చెవిన పడనే లేదు. ఆ సాయంత్రమే ఫోను పట్టుకుని పవన్ దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, ఇందులో అడుగులు లెక్కపెట్టేది ఏదో ఉంటుందంట. అది పెట్టు."

పవన్ పెట్టాడు. వరసగా ఎన్ని రోజులు నడిచిందో చూపించే అంకె ఒకటి అందులో ఉంది. ఒక్క రోజు మానేస్తే అది సున్నాకి పడిపోతుంది. అక్కడితో ఊరుకుంటే వాడు పవన్ ఎందుకవుతాడు?

"ఆంటీ, ఇది మీ నవదిన ప్రార్థనల్లాంటిదే. ఒక్క రోజు తప్పిందో, అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే. ఒంటికి కూడా అంతే. మళ్లీ ఒకటి నుంచి మొదలు."

వేళాకోళం చేశాననుకున్నాడు వాడు. తొమ్మిది రోజుల ప్రార్థనలో ఒక్క పూట తప్పినా మళ్లీ మొదటి రోజు నుంచి పట్టుకునే మనిషి తెరేసమ్మ. ఆమె నవ్వలేదు. తలూపి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఐదింటికే మేరీమాత గుడి మెట్ల దగ్గర ఉంది. అక్కణ్నించి కొండ మీది సిలువ దాకా. మొదటి రోజు నాలుగుచోట్ల కూలబడింది. పది రోజులకి ఒక్కచోట ఆగింది. ఆ పది రోజులూ నిజంగా బాగున్నాయి. ఏళ్ల తర్వాత పక్క మీద వాలగానే నిద్ర పట్టింది. తమ్ముడి గురించి రోజంతా గుండెల్లో తిరిగే భయం, కొండ దిగాక మధ్యాహ్నం దాకా కనిపించేది కాదు. రెండు కేజీలు తగ్గింది. పొద్దున పూట ఆమె పాటలు పాడుకుంటూ బట్ట కత్తిరించడం విని, కృపానందం రేడియో అనుకున్నాడు.

ఇరవయ్యో రోజుకి కుడి మోకాలు పట్టేసింది. ఆ రోజు ఆగిపోతే ఈ కథ లేదు. ఆమె ఫోను తీసి చూసుకుంది. ఇరవై. ఆ ఇరవైని పోగొట్టుకోవడమంటే తమ్ముడికి ఇచ్చిన ఇరవై రోజులు వెనక్కి లాక్కోవడమే అనిపించింది. మోకాలికి పాత చీర ముక్క చుట్టి ఎక్కింది. వానలో ఎక్కింది. జ్వరంతో ఎక్కింది. నొప్పి ఓర్చుకోలేక మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

మెట్ల దగ్గర కుంటుతూ కనబడితే పవన్ బండి ఆపి మరీ అన్నాడు. "ఏంటాంటీ, ఒక్కో మెట్టునీ పలకరించి వదులుతున్నారు?"

"నీ పని చూసుకోరా," అంది, చెమట తుడుచుకుంటూ. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. వాడు అది గమనించాడు. గమనించి కూడా బండి తీసుకుని పోయాడు.

ముప్ఫై ఆరో రోజున డయాలసిస్ మధ్యలో ఫిలిప్ బీపీ పడిపోయి, కళ్లు తేలేశాడు. అరగంటలో కోలుకున్నాడు గానీ, ఆ అరగంటా తెరేసమ్మ గాజు తలుపు బయట నిలబడి చూసింది. మర్నాటి నుంచి సాయంత్రం కూడా కొండ ఎక్కడం మొదలుపెట్టింది. రాత్రుళ్లు నిద్ర పట్టడం మానేసింది. పడుకుంటే గుండె దడదడలాడేది. జాకెట్టుకి ఎడమ వైపు వెయ్యాల్సిన చేతిని కుడి వైపు వేసి కుట్టి, అడిగినందుకు బేరానికొచ్చినామెని కసిరింది. అన్నం దగ్గర ఊరికే ఏడ్చింది. కృపానందం ఒక రోజు ఆగమంటే, "నువ్విస్తావా కిడ్నీ?" అంది. ఆయన కంచం తీసుకుని లేచాడు.

యాభై రెండో రోజున, గడువు మధ్యలో చేసే పరీక్షలు. ఆసుపత్రికి పవన్ బండి మీద తీసుకెళ్లాడు. ఫిలిప్ అప్పటికే వచ్చి వరండాలో కూర్చున్నాడు. డాక్టరమ్మ బీపీ చూసి, ఐదు నిమిషాలాగి మళ్లీ చూసింది. నూట అరవై నాలుగు. రక్తం రిపోర్టు తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఏం బిళ్లలు వాడుతున్నారమ్మా?"

తెరేసమ్మ సంచిలోంచి అట్ట తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాని వెనక పేరు చదివి బల్ల మీద పెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నెల దాటిందండీ."

"ఈ నొప్పి బిళ్లలు ఇలా రోజూ వేసుకుంటే బీపీ పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. మీ తమ్ముడికి ఇద్దామనుకుంటున్న కిడ్నీనే. రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ సరిగ్గా వడకట్టట్లేదు. ఇవాళ్టి రిపోర్టుతో అయితే నేను తీసుకోను. బిళ్లలు ఆపండి. గడువు రోజున మళ్లీ చూద్దాం. దిగకపోతే మాత్రం ఇంక మీ పేరు తీసెయ్యాలి."

తలుపు ఓరగా ఉంది. బయట బెంచీ మీద ఫిలిప్ అంతా విన్నాడు. చెప్పుల్లో కాళ్లు దోపుకుని, విప్పి, మళ్లీ దోపుకున్నాడు.

అక్కణ్నించి ఫిజియోథెరపీ గదికి పంపారు. జుబియా అనే అమ్మాయి వాచిన మోకాలు పట్టి చూసింది.

"వారానికి ఎన్ని రోజులు సెలవు తీసుకుంటున్నారమ్మా?"

"సెలవేంటి? ఒక్క రోజు కూడా తప్పలేదు."

"అదేనండీ ఇబ్బంది. మెట్లెక్కేటప్పుడు కండ బలపడదు, అలిసి లోపల సన్నగా చిరుగుతుంది. తిని, నిద్రపోయినప్పుడు ఒళ్లు ఆ చిరుగులు బాగుచేసుకుని కాస్త గట్టిపడుతుంది. మీరు ఆ టైమే ఇవ్వట్లేదు."

తెరేసమ్మ తన మోకాలి వంక చూసుకుంది. "అంటే కుట్టు పడేలోపే మళ్లీ చింపుతున్నానంటావా?"

"అంతే. నిద్ర పట్టకపోవడం, దడ, చీటికిమాటికి కోపం, ఇవన్నీ ఒళ్లు వద్దు మొర్రో అనడమే."

"మరి ఒక రోజు మానేస్తే చేసిందంతా పోదా?"

"ఎవరు చెప్పారమ్మా అలాగని?"

తెరేసమ్మ తల తిప్పింది. తలుపు దగ్గర ఫైలు పట్టుకుని పవన్ నిలబడి ఉన్నాడు. ఆ ఫైలుతో మొహం కప్పుకునే వీలుంటే కప్పుకునేవాడే.

"నేనేనండీ," అన్నాడు. "ఊరికే అన్నాను ఆంటీ. ఏడిపిద్దామని. మీరు నిజంగా..."

నాలుగు తిట్టి ఉంటే వాడికి హాయిగా ఉండేది. ఆమె వాడి వంక చూసింది, అంతే. జుబియా వైపు తిరిగి, "ఏం చెయ్యాలో రాసివ్వు తల్లీ," అంది.

వారం పాటు అసలు నడకే లేదు. ఆ తర్వాత వారానికి నాలుగు రోజులు కాలవ గట్టు వెంట చదునుగా నడక, కూర్చుని చేసే తొడ కసరత్తులు. మిగతా మూడు రోజులు విశ్రాంతి. పదింటికల్లా నిద్ర. నొప్పికి ఐసు ముక్కలు తప్ప బిళ్ల తాకకూడదు.

కొండెక్కడం కన్నా ఆ సెలవు రోజులు ఆమెకి కష్టమయ్యాయి. మొదటి రోజు ఐదింటికి అలారం మోగగానే లేచి, చెప్పులేసుకుని గుమ్మం దాకా వచ్చేసింది. తలుపు గడియ మీద చెయ్యి పెట్టి నిలబడింది. తను పడుకుంటే అక్కడ ఫిలిప్ ఒంట్లో విషం పెరుగుతున్నట్టే ఉంది. అప్పుడే ఫోను మోగింది.

"అక్కా, ఎక్కడున్నావ్?"

"ఇంట్లోనే."

"ఇంట్లో ఎక్కడ?"

ఆమె గడియ వంక, కాళ్ల చెప్పుల వంక చూసుకుంది.

"చెప్పులిప్పు," అన్నాడు ఫిలిప్. "నాకు నీ కిడ్నీ కావాలి. నీ పట్టుదల వద్దు. పోయి పడుకో."

ఆమె పడుకుంది. ఏడింటి దాకా కళ్లు తెరుచుకునే పడుకుంది. ఫోన్లో అంకె సున్నా అయింది. పదిహేను రోజులకి మోకాలి వాపు తీసింది. ఇరవై రోజులకి దడ తగ్గింది. ఒక పొద్దున నిద్ర లేచి చూస్తే ఎనిమిదయింది. కంగారుపడి, తర్వాత అది సెలవు రోజని గుర్తొచ్చి, కృపానందాన్ని కాఫీ పెట్టమంది. కానీ లోపల రక్తం ఏం చేస్తోందో నిద్రకీ తెలియదు, మోకాలికీ తెలియదు.

తొంభయ్యో రోజున రక్తం తీసుకుని మూడు గంటలు కూర్చోబెట్టారు. ఫిలిప్ ఆమె పక్కన. పవన్ ఎదుటి గోడకి ఆనుకుని. ముగ్గురూ గోడ మీది ఒకే టీవీ చూశారు, అందులో ఏం వచ్చిందో ఒక్కరూ చెప్పలేరు.

డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టింది. బీపీ నూట ఇరవై ఎనిమిది. ఐదున్నర కేజీలు తగ్గింది. వేలు ఆఖరి గీత మీదికి వచ్చి ఆగింది.

"క్రియాటినిన్ మామూలుకి వచ్చేసిందమ్మా. అర కేజీ కోసం నేను పేచీ పెట్టను. ఆపరేషన్‌కి అనుమతిచ్చే కమిటీకి మీ కాగితాలు పంపిస్తాను."

ఫిలిప్ లేచి బయటికి వెళ్లిపోయాడు. మొహం కడుక్కుని వచ్చాడు. అక్క భుజం మీద చెయ్యి వేశాడు, తీయలేదు.

లిఫ్టు ముందు పవన్ తెరేసమ్మ పక్కకి జరిగాడు. ముప్ఫై ఎనిమిది రోజులుగా గొంతులో పెట్టుకు తిరుగుతున్న మాట అది.

"ఆంటీ, నన్ను క్షమించేశారా?"

తెరేసమ్మ లిఫ్టు బొత్తాం నొక్కి, వాణ్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసింది.

"క్షమించడం ఫాదర్ గారి పని. ఆపరేషనయ్యాక ఆరు వారాలు నేను బరువులెత్తకూడదంట. గ్యాసు బండ, నీళ్ల టిన్ను, బియ్యం మూట, అన్నీ నువ్వే. ఇన్నాళ్లూ నోరు తప్ప ఇంకేం వాడావు గనకా, మిగతా ఒళ్లంతా కొత్తగానే ఉండుంటుంది."