చేతులు కట్టించుకున్న వడ్రంగి

యెరూషలేము నుంచి బబులోనువాళ్లు చెరపట్టి తెచ్చి కెబారు కాలువ గట్టున ఉంచిన మా యూదావాళ్లలో వడ్రంగం చేతనైనవాడు గెమర్యా ఒక్కడే. మిగతావాళ్లం ఉల్లి పండించేవాళ్లం, తీరికున్నప్పుడు బబులోను ఎప్పుడు కూలుతుందా అని మాట్లాడుకునేవాళ్లం. ఈ రెండో వృత్తిలో ఊరిపెద్ద హషబ్యాను మించినవాడు లేడు. ప్రతి విశ్రాంతి దినాన ప్రవక్తల మాటలు చదివి, ఆ మహానగరాన్ని దుమ్ములో కూర్చోబెట్టి, దాని దేవుళ్లను గాడిదల మీదికెక్కించి, మధ్యాహ్నానికల్లా భోజనానికి వెళ్లేవాడు. గెమర్యాకు పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే.

ఆ ఏడు పారసీకులు వస్తున్నారని తెలిసి, రాజు ఊళ్లలోని దేవుళ్లందరినీ రాజధానికి తెప్పించుకున్నాడు. మనల్ని కాపాడేవాళ్లను మనం కాపాడటమేమిటని ఎవరూ అడగలేదు. అడిగినవాడికి మెడ మీద తల మిగలాలి కదా. దారిలో ఒక దేవుడు పడవలోంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. పైన బంగారు రేకు బాగానే ఉంది, లోపలి కొయ్యే పోయింది. గుడివాళ్లు వచ్చి గెమర్యాను తీసుకుపోయారు.

మూడు నెలల్లో అతను కొత్త మొండెం చెక్కాడు. మిగిలిన పేళ్లు ఇంటికి తెస్తే భార్య అబీటల్ వాటితో బార్లీ రొట్టెలు కాల్చింది. ఒకే కొయ్యలో సగం దేవుడికీ సగం పొయ్యికీ అని ప్రవక్త వెక్కిరించింది సరిగ్గా ఇలాంటి వంటచెరకునేనని హషబ్యా ఆ రొట్టె ముట్టలేదు.

అసలు చిక్కు ప్రతిష్ఠ రోజుది. బబులోనులో దేవుడికి నోరు కడిగి ప్రాణం పోసేటప్పుడు, చేసినవాడి చేతులు గుడ్డతో కట్టి, కొయ్యకత్తితో నరికినట్టు అభినయిస్తారు. అప్పుడు పనివాడు "నేను చెయ్యలేదు, వడ్రంగుల దేవుడే చేశాడు" అని ప్రమాణం చెయ్యాలి. చెయ్యకపోతే కొయ్యకత్తి స్థానంలో ఇనప కత్తి వస్తుంది.

గెమర్యాకు మొదట ఇది వరంలాగే తోచింది.

"మామా, విగ్రహం చెయ్యకూడదని మన శాస్త్రం. చెయ్యలేదని చెప్పమని వాళ్ల శాస్త్రం. రెండింటికీ కావలసింది ఒకే మాట కదా!"

"భలే కనిపెట్టారు, అల్లుడుగారూ." కోపం ముదిరితే గాని హషబ్యా నోట 'గారు' రాదు. "చేసిన పాపం ఒకటి. దాని మీద అబద్ధ ప్రమాణం ఇంకొకటి. పరాయి దేవుడి గొప్ప చెప్పడం మూడోది."

"మరి ఏం చెయ్యమంటారు?"

"నేనే చేశాను, ఇది ఉత్త కొయ్య, అని నిండు గుళ్లో చెప్పు. బబులోను మీద తీర్పు అక్కణ్ణించే మొదలవుతుంది."

"చేతులు పోతాయి, మామా."

"దేవుడి కోసమే కదా, పోనీ."

పిండి పిసుకుతున్న అబీటల్ తలెత్తింది. "నీకూ రెండున్నాయిగా, నాన్నా. నువ్వే వెళ్లి చెప్పరాదూ?"

"నేను వడ్రంగిని కానే తల్లీ!" అన్నాడు హషబ్యా, తన చేతకానితనానికి జీవితంలో మొదటిసారి సంతోషిస్తూ. గడప దాటుతూ ఆగాడు. "ఒరే, ఆ మాట అన్నావా, సభలో నీకు చోటు లేదు. యెరూషలేముకు బయల్దేరే రోజున నీ పేరు పిలవను."

గెమర్యా చెరలోనే పుట్టాడు, ఆ ఊరు చూడలేదు. వాళ్ల నాన్న పోతూ పోతూ దాని వీధులన్నీ ఒక్కొక్కటే చెప్పిపోయాడు. అతనికున్న ఆశల్లా అదొక్కటే.

ప్రతిష్ఠ రోజున పూజారి ఇద్దిన్ అతని చేతులు కట్టాడు.

"నేను చెయ్యలేదు," అన్నాడు గెమర్యా.

"గట్టిగా అనవయ్యా, దేవుడికి వినబడొద్దూ?"

గట్టిగా అన్నాడు. కొయ్యకత్తి మణికట్టుకు చల్లగా తగిలింది. ఆ వారం నుంచి మా సభ జరిగేటప్పుడు అతను రెల్లుతడిక అవతల, గట్టు మీద కూర్చుని వినేవాడు. హషబ్యా అటు తిరిగి ఇంకొంచెం గట్టిగా చదివేవాడు.

ఆ శరత్కాలంలోనే తీర్పు వచ్చింది. బబులోను పొద్దున ఉంది, సాయంత్రానికి పారసీకులదయింది. ఉల్లి మళ్లలో ఉన్న మాకు ఆ సంగతి మూడో రోజున గాని తెలియలేదు. హషబ్యా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్లూ చెప్పినదాన్ని తాను కూడా పూర్తిగా నమ్మలేదని అప్పుడే తెలిసినట్టుంది.

దేవుళ్లూ మనుషులూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లవచ్చని కొత్త రాజు ఆజ్ఞ. హషబ్యా ప్రయాణపు జాబితా రాశాడు. అందరూ ఉల్లి రైతులే. యెరూషలేములో కూలిన దేవుడి మందిరం మళ్లీ కట్టాలి, ఒక్కడికీ దూలం ఎత్తడం రాదు. ఆయనే కూతురి గుమ్మంలోకి వచ్చి, "దేవుడు క్షమించేవాడు, నాయనా. నీ పేరు మొట్టమొదట రాశాను," అన్నాడు.

గెమర్యా ఆ పూటే పనిముట్లు మూటగట్టాడు. మర్నాడు ఇద్దిన్ వచ్చాడు.

"దేవుళ్లు అవయవలోపం లేకుండా ఊళ్లు చేరాలట. అందాకా గుడి పనివాళ్లు కదలకూడదు. రాజాజ్ఞ."

"నేను దేవుణ్ణి చెయ్యలేదని తమరే చెప్పించారు కదా, అయ్యగారూ!"

"చెయ్యలేదు, నిజమే. ఇది మరమ్మతు."

"ఎందరున్నారు?"

ఇద్దిన్ ఒక నిట్టూర్పు విడిచాడు. "ప్రాంగణం నిండా."

పడవలు కదిలే పొద్దున హషబ్యా జాబితా విప్పి, "గెమర్యా!" అని మొదటి పేరే పిలిచాడు. మళ్లీ పిలిచాడు. గట్టు మీద అబీటల్ ఒక్కతే నిలబడి ఉంది. ఆ సమయానికి గెమర్యా గుడి ప్రాంగణంలో ఎవరిదో ఊరి దేవతకు కాలు అతికిస్తున్నాడు. జిగురు ఆరేదాకా కదపకూడదు కాబట్టి, రెండు చేతులతోనూ పట్టుకుని కూర్చున్నాడు.