పిన్నీసు మొనకు పసుపు

మొగుళ్లపల్లిలో ఒక రైతు కొట్టంలో బర్రె దగ్గర ఉన్నాను. భుజం దాకా తొడుగు వేసుకున్న చేయి పనిలో ఉంది. జేబులో ఫోన్ ఆగకుండా మోగుతుంటే ఆ రైతే తీసి నా చెవికి ఆనించాడు. చిట్యాల నుంచి అమ్మ. "మిస్త్రీ పోయిండు కొడుకా," అంది. "పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగి కూసున్నడట. మళ్ల లేవలేదు." పని మధ్యలో వదలలేను. ఎదకొచ్చిన పశువు ఎవరి దుఃఖం కోసమూ ఆగదు. అంతా ముగించి, చేతులు కడుక్కుని, బయట నిలబెట్టిన బండి ఎక్కాను. ఒక్క కిక్కుకే అది స్టార్టయింది. అప్పుడు ఏడుపొచ్చింది.

నేను గోపాలమిత్రను. ఊరూరు తిరిగి ఆవులకు, బర్రెలకు చూలు సూదులు వేయడం నా పని. నన్ను తిప్పుతున్నది నాయిన కొన్న పాత బండి. దాన్ని ఇన్నేళ్లు బతికించింది బండ్లు బాగుచేసే మిస్త్రీ కాక. మా అందరికీ ఆయన కాకే, మాకు చుట్టం కాకపోయినా. ఆయన గురించి మంచి మాటలు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను రాయడానికి కారణం వేరే. ఆయన పేరు చెడగొట్టింది నేను. నేను అన్న ఒక్క మాట ఆయన వెంట చివరిదాకా నడిచింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇంత ఆలస్యం చేశాను.

కాక షెడ్డు మా చిట్యాల బస్టాండుకు అవతల, రోడ్డు పక్కన. నాలుగు రేకులు, ఒక చెక్కపీట, గోడకు వేలాడే పానాలు. బోర్డు లేదు. బండి తీసుకుపోతే వెంటనే పానా పట్టేవాడు కాదు. ముందు మనల్ని అడిగేవాడు. చల్లగున్నప్పుడు ఆగుతుందా, వేడెక్కినంక ఆగుతుందా? ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఏ బంకుల పెట్రోల్ పోసినవ్? ఆగేముందు దగ్గిందా, చప్పుడు లేకుంట ఆగిందా? దవాఖానలో డాక్టర్లు కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. "బండి మాట్లాడదు, నువ్వన్న మాట్లాడు," అనేవాడు.

కార్బురేటర్ విప్పితే మాత్రం తాను మాట్లాడేవాడు కాదు, ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. పాత పేపరు పరిచి, విప్పిన వరుసలోనే ఒక్కొక్క ముక్కా పెట్టేవాడు. పెట్రోల్ చుక్క లోపలికి పోయే జెట్టు గింజంత ఉంటుంది, దాని బొక్క వెంట్రుకంత. అది మూసుకుంటే మిగతా మెకానిక్కులు తీగ పెట్టి పొడుస్తారు. కాక తీగ ముట్టేవాడు కాదు. "బొక్క పెద్దగైతే మళ్ల చిన్నగ చేసేటోడు లేడు," అని నోటితో ఊదేవాడు. ఊది, ఉమ్మి, చెంబెడు నీళ్లు పుక్కిలించి, జెట్టును ఎండకు ఎత్తి ఒక కన్ను మూసేవాడు. అందులోంచి వెలుగు చుక్క కనపడితే తల ఊపేవాడు. పత్తికి, మిరపకు మందు కొట్టే మిషన్లకు కూడా చిన్న కార్బురేటర్లుంటాయి కదా. మందుల కాలంలో షెడ్డు ముందు అవి బారులు తీరి ఉండేవి.

ఇక నా తప్పు సంగతి.

నాయిన పోయిన మరుసటి ఏడు దసరా. పండుగకు రెండు రోజుల ముందు బండి కాక దగ్గర వేశాను. కార్బురేటర్ కడిగి, ప్లగ్గు గీకి, తళతళలాడేట్టు చేసి ఇచ్చాడు. పండుగ నాడు అందరిలాగే మేమూ బండికి పూజ చేశాం. తెల్లారి నుంచి మొదలైంది. ఇంటి దగ్గర మంచిగా స్టార్టయ్యేది. నాలుగైదు కిలోమీటర్లు పోయాక పెట్రోల్ అయిపోయినట్టు గుంజి గుంజి ఆగిపోయేది. పది నిమిషాలు నిలబడితే మళ్లీ నడిచేది. మళ్లీ ఆగేది. నా పనిలో పది నిమిషాలంటే మాటలు కాదు. సమయం దాటాక పోతే సూది వేసినా పశువు చూలు కట్టదు. ఆ రైతు మళ్లీ మూడు వారాలు ఎదురుచూడాలి. రెండు ఊళ్లలో అట్లా మాట పడ్డాను.

ఆ కోపంలో బస్టాండు దగ్గరి చాయ హోటల్లో పది మంది మధ్య అనేశాను. "కాకకు కండ్లు మసకబట్టినయి. కార్బురేటర్ ఖరాబ్ చేసిండు. జెట్టు ఎట్ల బిగించిండో ఏమో." హోటల్ ఆయన అవునా అన్నాడు. పక్కనున్నవాళ్లు చాయ తాగుతూ విన్నారు. కాకను అడగకుండా బండిని భూపాలపల్లి తీసుకుపోయాను. అక్కడొక మెకానిక్ కార్బురేటరే మార్చాడు. పెట్రోల్ పైపు మార్చాడు. బండి మాత్రం నాలుగైదు కిలోమీటర్లకు ఆగడం మానలేదు. అమ్మేద్దామని ఇంట్లో అంటే అమ్మ అన్నం పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

మరునాడు కాకే మా ఇంటికి వచ్చాడు. నేనన్న మాట ఆయన చెవిన పడకుండా ఉండదు. దాని ఊసే ఎత్తలేదు. వాకిట్లో బండి ముందు గొంతు కూర్చుని ఎప్పటి ప్రశ్నలే మొదలుపెట్టాడు.

"ఆగినప్పుడు నువ్వేం చేస్తవ్?"

"ట్యాంకు మూత తీసి పెట్రోల్ ఉన్నదా అని చూస్త."

"తీసినప్పుడు చప్పుడేమన్న అయితదా?"

ఆలోచించాను. "అయితది. సుయ్యిమని గాలి గుంజినట్టు."

"చూసినంక?"

"జరసేపటికి నడుస్తది."

కాక తల ఎత్తి ట్యాంకు వైపు చూశాడు. మూత మీద తాళం సందు పక్కన ఎండి గట్టిపడిన పసుపు, దాని మీద కుంకుమ. మా అమ్మ పెట్టిన బొట్టు. నాయిన పోయాక తన నుదుట పెట్టుకోవడం మానేసిన బొట్టును ఆ ఏడు ఆయన బండికి పెట్టింది. పూజలో నేనే పక్కన ఉన్నాను. అమ్మ తడి పసుపు మందంగా పూసి, వేలితో అదిమి, చాలాసేపు చేయి తీయలేదు.

"వదినె, ఒక పిన్నీసియ్యి," అన్నాడు కాక. అమ్మ గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. జెట్టులో తీగ పెట్టని మనిషి పిన్నీసు అడగడం నాకు వింతగా అనిపించింది. నీళ్లు తెమ్మని అమ్మను లోపలికి పంపి, మూత మీది చిన్న బొక్కలో పిన్నీసు తిప్పాడు. గుడ్డతో మూత తుడిచాడు, పిన్నీసు తుడిచాడు. అమ్మ చెంబుతో వచ్చేసరికి పిన్నీసు తిరిగి ఇచ్చి, "వదినె, మనిషికి బొట్టు ముఖానికి పెడ్తం గద. బండి ముఖం ముందరి దీపం. వచ్చే పండుగకు గాడ పెట్టు, మంచిగ కనపడ్తది," అన్నాడు. అమ్మ సరేనంది.

బండి నడిపి చూద్దామని నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఊరి బయటిదాకా తీసుకుపోయాడు. ఏడెనిమిది కిలోమీటర్లు పోయినా బండి ఆగలేదు. అప్పుడు చెప్పాడు. ట్యాంకులోంచి పెట్రోల్ దిగుతుంటే ఆ జాగాలోకి గాలి రావాలి. ఆ గాలి వచ్చే దారి మూత మీది బొక్క. అది మూసుకుంటే లోపలున్న పెట్రోల్ కిందికి దిగదు. "అందరు కార్బురేటర్‌నే చూస్తరు. ట్యాంకు సుత ఊపిరి తీస్కోవాలె," అన్నాడు.

నేను తల దించుకున్నాను. "హోటల్ల అందరికి చెప్త కాక. నీ తప్పు లేదని చెప్త."

"ఏమని చెప్తవ్? ఏమైందని అడగరా? మగడు పోయిన మనిషి బొట్టు పెడితే బండి ఆగింది అంటరు. గా మాట లేస్తే మీ అమ్మ మళ్ల దేన్నీ ముట్టది. ఎవ్వలకు చెప్పకు, వదినెకు అసలే చెప్పకు."

"మరి నీ పేరు?"

"బండి ఆగితే మిస్త్రీని అనుడు ఎప్పటికి ఉన్నదే. పోనియ్."

పోనిచ్చాను. కారణం చెప్పకుండానే "కాక తప్పు లేదు, నేనే తొందరపడ్డ" అని ఉండవచ్చు. ఆ ఒక్క వాక్యానికి నా నోరు రాలేదు. అమ్మ కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి పది మందిలో చిన్నబోవడం నాకు ఇష్టం లేదు. ఆ ఏడు మందుల కాలంలో షెడ్డు ముందు మిషన్లు సగమే కనపడ్డాయి. తర్వాత కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. కాక ఖాళీగా పీట మీద కూర్చుని ఉంటే నేను చెయ్యెత్తి పలకరించి పోయేవాణ్ని. ఆయనా చెయ్యెత్తేవాడు.

పెద్దకర్మ నాడు వాళ్ల ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నాం. హోటల్ ఆయన నా పక్కన ఉన్నాడు. "మంచి మనిషి," అన్నాడు. "గని చివర చివరకు చెయ్యి తప్పింది. నువ్వే అన్నవ్ గద, నీ బండి కార్బురేటర్ ఖరాబ్ చేసిండని." ఆయన మనసులో ఏ చెడూ లేదు. నా మాట నాకే అప్పజెప్పాడు, అంతే. అమ్మ రెండు కుర్చీల అవతల ఉంది. నోరు తెరిచాను. ఏం చెప్పినా ఆమెకు తగులుతుందని మళ్లీ మూశాను.

అమ్మ లేచి నిలబడింది. ఆమె పది మందిలో గొంతెత్తి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

"కార్బురేటర్ ఖరాబ్ కాలె," అంది. "నేను పెట్టిన బొట్టు ట్యాంకు మూత బొక్కల పడి బండి ఆగింది. మిస్త్రీ వచ్చి నా పిన్నీసుతోనే తీసిండు. ఆయన చెయ్యి ఎన్నడు తప్పలె."

ఒకరిద్దరు ముసలమ్మలు ముఖాలు చూసుకున్నారు. కాక భయపడింది ఆ చూపులకే. అమ్మ వాళ్ల వైపు చూస్తూనే కూర్చుంది.

ఇంటికొచ్చాక అడిగాను, నీకెట్ల తెలుసని. "పిన్నీసు మొనకు పసుపున్నది," అంది. "గుడ్డతోని తుడిచిండు గని మొనకు మిగిలింది."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది?"

"నేను చూడొద్దనే తుడిచిండు కొడుకా. చూసిన అంటే ఆ మనిషి తుడిచింది వట్టిగ పోతది. బయట ఆయన్ని గిట్లంటున్నరని నాకు ఎరుక లేదు. ఎరుకుంటే ఆనాడే చెప్తుంటి." అని నా వైపు తిరిగి, "నీకు ఎరుకే గద," అంది.

నెల దాటాక కాక భార్య, మేం చిన్నమ్మ అని పిలిచే ఆమె, కబురు పంపింది. ఆయన సొంత బండి నిలబెట్టిందే నిలబెట్టినట్టు ఉందని, స్టార్ట్ కావట్లేదని. "నేను సుత వస్త," అంది అమ్మ. వాకిట్లో పాత పేపరు పరిచాను. ట్యాంకులోని పాత పెట్రోల్ తీసేశాను, వార్నిష్ వాసన వేస్తోంది. కార్బురేటర్ విప్పి ముక్కలు వరుసగా పెట్టాను. జెట్టు మూసుకుపోయి ఉంది. తీగ ముట్టలేదు. నోటితో ఊదాను, ఉమ్మాను, నీళ్లు పుక్కిలించాను. మూడోసారి ఎండకు ఎత్తితే వెలుగు చుక్క కనపడింది. బిగించి, కొత్త పెట్రోల్ పోసి, మూత మీది బొక్క చూసి, కిక్కు కొట్టాను. నాలుగో కిక్కుకు అందుకుంది.

చిన్నమ్మ గడప దిగలేదు. బోసి నుదుటితో తలుపు పట్టుకుని నిలబడి వింటోంది. అమ్మ లోపలికి పోయి పసుపు తడిపి తెచ్చింది. చిన్నమ్మ చేయి పట్టుకుని వాకిట్లోకి తెచ్చింది.

"నేనా అక్కా?" అంది చిన్నమ్మ.

"నువ్వే. నేను పెట్టలేదా?"

చిన్నమ్మ వేలు పసుపులో ముంచింది. ఆ చేయి ముందు ట్యాంకు వైపు పోయింది. అమ్మ మెల్లగా మణికట్టు పట్టి ముందరి దీపం దగ్గరికి తిప్పింది. ఇంజన్ నడుస్తుంటే దీపం అద్దం సన్నగా వణుకుతోంది. ఆ అద్దం మీద వేలు ఆనించి, చిన్నమ్మ చాలాసేపు చేయి తీయలేదు.